ఎవరి బొటనవేలు

ఇస్త్రీ అక్క భయస్తురాలు. ఏళ్ల తరబడి వీధివాళ్ల చొక్కాలన్నీ ఆమె చేతి మీదుగానే వెళుతున్నా, పెట్టె ఆనించిన ప్రతిసారీ ఎక్కడ మాడుతుందోనని ఊపిరి బిగబడుతుంది. గొంతెత్తి ఎవరినీ ఒక మాట అని ఎరగదు.

ఆమె కూతుళ్లు కవలలు. ఛాతీ దగ్గర అతుక్కుని, ఎదురెదురు మొహాలతో పుట్టారు. నోరు మెదపనిది గువ్వ, నోరు మూయనిది పిడుగు. ఆరేళ్లొచ్చాయి. విడదీసే ఆపరేషన్ పరాయి దేశంలో చేస్తామన్నారు డాక్టర్లు. విమానం ఎక్కాలంటే చెరొక ప్రయాణపత్రం ఉండాలి. ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిగా రాసేస్తే? రేపు ఆపరేషన్ బల్ల మీద ఏదైనా కష్టమొస్తే, రెండో ప్రాణం ఉందని ఎవరు ఒప్పుకుంటారు? ఆ ఆలోచనతో ఆమెకు కొన్నాళ్లుగా కంటిమీద కునుకు లేదు.

"ముందు గువ్వది, ఎడమ బొటనవేలు పెట్టించండమ్మా" అంది ప్రయాణపత్రాల ఆఫీసులో కళ్లజోడు గుమస్తా.

ఇస్త్రీ అక్క గువ్వ భుజం మీదున్న చేతిని తీసి బొటనవేలిని వేలిముద్రల అద్దం మీద నొక్కింది. యంత్రం తీసుకుంది. తర్వాత పిడుగు భుజం నుంచి చెయ్యి వెంబడి తడిమి వేలు పెట్టిస్తే తెర ఎర్రబడింది.

గుమస్తా మొహం మారిపోయింది. "ఈ వేలు ఇందాకే ఎక్కిందమ్మా. ఒకే వేలికి రెండు పత్రాలంటే మోసం కింద లెక్క. పైకి పంపాలి, నెలలు పడుతుంది."

"వచ్చేవారమే ప్రయాణం మేడమ్."

"ఒక్క టిక్కెట్టుతో సరిపెట్టుకోవచ్చుగా, లాభమే" అన్నాడు వెనక వరసలో ఒక పెద్దమనిషి.

ఇస్త్రీ అక్క పిల్లల వైపు తిరిగింది. అప్పుడు వెలిగింది. పిల్లలు ఎప్పుడూ ఒకరి మెడ చుట్టూ ఒకరు చేతులు వేసుకునే ఉంటారు. గువ్వ భుజం మీద ఉండేది పిడుగు చెయ్యి. రోజూ స్నానం చేయించే తల్లే కంగారులో పొరబడింది.

"తప్పు నాదే మేడమ్. ఇందాక పెట్టించింది కూడా పిడుగు వేలే."

"ఎలా నమ్మమంటారు? నాలుగు చేతుల్లో ఏది ఎవరిదో నాకేం తెలుసు?" గుమస్తా పిల్లల్ని కళ్లు మూసుకోమని, ఆ బొటనవేలిని పెన్ను మూతతో తాకింది. "ఎవరికి తగిలింది?"

"నాకు" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. ఇంట్లో ఏది చూపించినా ఇద్దరిదీ అదే జవాబు.

"అబద్ధాలకోరా, అది నా చెయ్యే" అంది పిడుగు.

"నాదే" అంది గువ్వ.

"నీదైతే ఆడించవే చూద్దాం."

గువ్వ పళ్లు బిగించి ఆడించింది. పిడుగు మెడ వెనకాల ఇంకో బొటనవేలు కదిలింది. ఎప్పుడు కొట్టుకున్నా బతిమాలి ఆపే తల్లి, ఈసారి ఊరుకుని చూసింది.

గుమస్తా కూడా చూసింది. పాతది చెరిపేసి, గువ్వకూ పిడుగుకూ వేర్వేరుగా వేలిముద్రలు తీసుకుంది. ఈసారి తెర ఎర్రబడలేదు.

"తిరుగు ప్రయాణం తేదీ కూడా వెయ్యాలమ్మా. ఇద్దరికీ ఒకటేనా, వేరువేరా?"

పొద్దున్నుంచీ ఇద్దరినీ వేరువేరుగా రాయమని దణ్ణాలు పెట్టిన మనిషి ఇద్దరినీ కలిపి పట్టుకుంది.

"ఒకటే వెయ్యండి మేడమ్."

గుమస్తా వేసింది.

"రెండింట్లోనూ ఒకటే పడిందా? ఇంకోసారి చూసి చెప్పరూ" అంది ఇస్త్రీ అక్క.