లాంపురూం పెద్దమ్మ పెట్టిన సర్వరు

పోయిన నెల ఒక మంగళవారం, బడిలో మూడో పీరియడు నడుస్తుండగా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది" అన్నది. నిమ్ము చేసి దవాఖానలో చేర్చిన ఆరో రోజు అది. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి, హెడ్‌మాస్టరుకు చెప్పి, రామగుండం నుంచి షేర్ ఆటోలో గోదావరిఖని వచ్చాను. ఈ కబురు ఇంకా ఎవరెవరికి చెప్పాలా అని దారంతా ఆలోచించాను. గల్లీ మలుపు తిరిగి, ఆమె ఇంటి ముందు నిలబడ్డ జనాన్ని చూశాక, చెప్పాల్సిన వాళ్లెవరూ మిగల్లేదని అర్థమయింది.

ఆమె నాకు చుట్టం కాదు. మా ఇంటి గోడకు ఆనుకున్న ఇల్లు ఆమెది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని, ఊరంతా లాంపురూం పెద్దమ్మ అనేది. భర్త భూగర్భ గనిలో పనిచేస్తూ చిన్న వయసులోనే జబ్బుపడి పోతే, ఆ ఉద్యోగం కింద ఆమెను లాంపురూంలో తీసుకున్నారు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ టోపీ దీపం ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకుని ఛార్జింగుకు పెట్టే గది అది. రిటైరయ్యేదాకా అక్కడే చేసింది. "లాంపు తిరిగి రాలేదంటే మనిషి పైకి రాలేదన్నట్టు. అందుకే ఆ పుస్తకంల ఒక్క గీత తప్పు వడనియ్యకపోతుంటి" అని చెప్పేది. గొప్పగా చెప్పుకునే గొంతు కాదది. కూరలో ఉప్పు ఎంత వేయాలో చెప్పినట్టు చెప్పేది.

సర్వరు సంగతి ఆమె ఫోన్ నిండిపోవడంతో మొదలయింది. ఓపెన్‌కాస్టు, అంటే నేల పైనుంచే తవ్వే గని కోసం, కార్మికుల పాత కాలనీ ఖాళీ అయినప్పుడు అక్కడి కుటుంబాలు తలో దిక్కు వెళ్లిపోయాయి. వెళ్లేముందు అందరూ తమ ఇళ్ల ఫోటోలు, పెళ్లిళ్ల ఫోటోలు, తండ్రుల పాత ఐడీ కార్డుల ఫోటోలు పెద్దమ్మకే పంపారు. ఎందుకు ఆమెకే అంటే, ఆమె దగ్గర పెట్టినది పోదని అందరికీ నమ్మకం. ఒక ఆదివారం ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"బిడ్డా, ఇది నిండిందంటుంది. ఏం దీసెయ్యాలె? ఏది దీసినా ఎవలో ఒకలు పోతరు."

నేను బడిలో కంప్యూటరు పాఠాలు చెబుతాను. మా ఇంట్లో ఒక పాత డెస్క్‌టాప్ మూలన పడి ఉండేది. దాన్ని ఇంటి సర్వరుగా మార్చాలని అంతకు ముందు ఏడాది రెండు మూడు సార్లు ప్రయత్నించి వదిలేశాను. ఇంటి సర్వరు అంటే పెద్ద మాటేమీ కాదు. ఎప్పుడూ ఆన్‌లో ఉంటూ, ఇంట్లోని ఫోన్ల ఫోటోలన్నీ తన దగ్గర దాచి, అడిగినప్పుడు ఫోన్లోనో టీవీలోనో చూపించే కంప్యూటరు. సాఫ్ట్‌వేరు ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని సరిగ్గా కూర్చోబెట్టడమే కష్టం. ఇదంతా చెబితే పెద్దమ్మ ఒకే ప్రశ్న వేసింది.

"మరి ఎందుకు ఇడిసిపెట్టినవ్?"

"ఊకె ఏదో ఒక ఎర్రరు వస్తది పెద్దమ్మా. అంతా తుడిచి మళ్ల మొదటి నుంచి ఎక్కించాలె. ఇసుగొచ్చింది."

"తుడుసుడు సులువే. ఏం తప్పయ్యిందో తెల్వకుంటనే తుడిస్తే మల్ల అదే తప్పు జేస్తవ్. తే, మా ఇంట్ల పెడదాం."

అలా ఆ కంప్యూటరు ఆమె ముందు గదిలో, కుట్టుమిషను పక్కన చేరింది. ఒక పెద్ద హార్డ్‌డిస్కు తెచ్చి తగిలించాం. ఆ కంప్యూటరుకు ఆమె డబ్బా అని పేరు పెట్టింది. మొదటి రోజే ఒక పొడవాటి పుస్తకం తెచ్చి గీతలు కొట్టింది: ఏం మార్చినం, ఏమైంది, ఏం తప్పు, ఎవరు చేసిన్రు. ఒకసారికి ఒకటే మార్చాలని నియమం. నేను తొందరపడి రెండు సెట్టింగులు కలిపి మారిస్తే నా చేయి పక్కకు జరిపేది. "రెండు మారిస్తివి. ఇప్పుడు పనిజేస్తే దేంతోని చేసినట్టు?" అనేది.

కమాండ్లు ఆమే కొట్టేది. లాంపురూం రిజిస్టరు పుణ్యమా అని ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. కుడిచేతి చూపుడు వేలితో ఒక్కో అక్షరం పైకి చదువుతూ నొక్కేది. ప్రతి కమాండు ముందూ సుడో అని కొట్టమంటున్నానని ఒక రోజు ఆగింది.

"గీ సుడో అంటే ఏందే?"

"పెద్దసారు సంతకం లాంటిది. అది ముందల వెడితే ఏ పనైనా ఒప్పుకుంటది."

"అయితే ఊకె వెట్టకు. సంతకం జేసినోళ్లే జవాబు చెప్పాలె."

ఆ తరువాత నేను అవసరం లేని చోట సుడో వాడడం మానేశాను. బడిలో పిల్లలకూ అదే చెబుతాను, ఆ మాట ఎవరిదో కూడా చెబుతాను.

మొదటి నెలంతా డబ్బా మాతో ఆడుకుంది. ఒక రోజు ఫోన్లన్నిటికీ కనిపించేది, మరో రోజు ఏ ఫోనుకూ దొరికేది కాదు. నేను సాఫ్ట్‌వేరును అనుమానించాను, వైఫైని అనుమానించాను, చివరికి మా గల్లీ కేబుల్ అతన్ని కూడా అనుమానించాను. పెద్దమ్మ కళ్లద్దాలు సవరించుకుని పుస్తకంలో వెనక్కి తిప్పింది. "కరెంటు పోయి వచ్చిన దినమే గిట్లయితుంది. నాలుగుసార్లు రాసి ఉన్నది, సూడు." నిజమే. కరెంటు వచ్చిన ప్రతిసారీ వైఫై పెట్టె మా డబ్బాకు కొత్త చిరునామా ఇస్తోంది, ఫోన్లు పాత చిరునామాకు పోయి తలుపు తడుతున్నాయి. వైఫై పెట్టెలోకి వెళ్లి, ఈ కంప్యూటరుకు ఎప్పుడూ ఇదే చిరునామా అని కట్టేశాం. పది నిమిషాల పని. కనిపెట్టడానికి నెల పట్టింది. ఆ సాయంత్రం ఆమె పెసర గారెలు చేసింది.

మా ఊరి గాలిలో బొగ్గు ఉంటుంది. పొద్దున తుడిచిన బల్ల మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. అందుకని ప్రతి శనివారం పెద్దమ్మ డబ్బా ఆపి, మూత తీసి, గోడలకు రంగు వేసే చిన్న బ్రష్షుతో ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటే తుడిచేది. నేనెప్పుడు చేసినా మళ్లీ ఒకసారి తానూ చేసేది.

ఆమెను తలచుకుంటే ముందుగా గుర్తొచ్చే రోజు ఒకటి ఉంది. మా గల్లీ చివరి ఇంట్లో ఒక అవ్వ ఉంటుంది. ఆమె భర్త, తాత అనే పిలిచేవాళ్లం, పాతకాలంలో గనిలో బొగ్గు నింపే పనిచేసినవాడు. పోవడానికి కొన్ని నెలల ముందు పెద్దమ్మ ఆయన్ను కూర్చోబెట్టి, మొదటిసారి గని దిగిన రోజు గురించి మాట్లాడించి ఫోన్లో రికార్డు చేసింది. దాన్ని డబ్బాలో వేసి, ఫోన్లోంచి తీసేసింది. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు. ఆయన పోయి ఏడాది తిరిగింది. సంవత్సరీకం నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలందరితో వచ్చి వింటానని అవ్వ కబురు పెట్టింది.

ముందు రోజు సాయంత్రం గాలివాన వచ్చింది, కరెంటు పోయింది. పొద్దున పెద్దమ్మ గోడ అవతలి నుంచి పిలిచింది. "బిడ్డా, ఒకపారి రా." వెళ్లి చూస్తే టీవీలో ఖాళీ పేజీ. ఒక్క ఫోటో లేదు, ఒక్క గొంతు లేదు. పాత కాలనీ మొత్తం, ఆ తాతతో సహా, మాయమైపోయింది.

నాకు తెలిసిన మందు ఒకటే. సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తగా ఎక్కించడం. మొదలుపెట్టబోతుంటే ఆమె కీబోర్డు తన వైపు లాక్కుంది.

"ఆగు. ఏమీ ముట్టకు. మొదలు ఏం కనవడుతుందో చెప్పు, రాస్త."

అప్పుడే అవ్వ తలుపు దగ్గరికి వచ్చింది. ఎన్ని గంటలకు రావాలో అడగడానికి. నేను తల దించుకున్నాను. పెద్దమ్మ ఆమెను లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

"అవ్వా, పొద్దున నుంచి కనవడుతలేదు. పోయిందని చెప్ప, ఉన్నదని చెప్ప. ఎతుకుతున్నం. కూసో."

అవ్వ కూర్చుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ హార్డ్‌డిస్కు మీద అరచేయి పెట్టింది. "తిరుగుతుంది. పానం ఉన్నది" అన్నది. తీగ పట్టుకుని చూసింది. తరువాత కంప్యూటరు వెనక్కి వంగి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి, "ఇదేంది? మొన్న లేదు గదా" అన్నది.

అది నా పెన్‌డ్రైవు. ముందు రోజు బడి ఫైళ్లు కాపీ చేసుకుని, తీయడం మరిచిపోయాను.

అప్పుడు నాకు వెలిగింది. కంప్యూటరు తనకు తగిలించిన డిస్కులకు కనబడిన వరుసలో అక్షరాలు పెడుతుంది. మొదట్లో నేను ఆ అక్షరాన్ని నమ్ముకునే సెట్టింగు రాశాను. కరెంటు పోయి వచ్చాక పెన్‌డ్రైవు ముందు వరుసలో దూరి, హార్డ్‌డిస్కు అక్షరం తాను తీసుకుంది. సాఫ్ట్‌వేరు పాత అక్షరం దగ్గరికే పోయి, అక్కడున్న పెన్‌డ్రైవులో ఫోటోలు దొరక్క ఖాళీ పేజీ చూపిస్తోంది. ఫోటోలు డిస్కులో భద్రంగానే ఉన్నాయి. వాటిని చేరే దారే తప్పింది. నేను కొత్తగా ఎక్కించే తొందరలో ఆ డిస్కునే తుడిచేసేదాన్నేమో.

ఇదంతా చెబితే పెద్దమ్మ నవ్వింది. "వరుసతోని గుర్తువడుతరా ఎవలన్న? మా దగ్గర ఒకరోజు ముందల వచ్చినోడు ఇంకోరోజు ఎనుక వస్తడు. మనిషికో నంబరు బిల్ల ఉంటది. బిల్ల చూసి లాంపిస్తం. నీ డిస్కుకు బిల్ల లేదా?"

ఉంది. ప్రతి డిస్కుకూ మారని పొడవాటి గుర్తు సంఖ్య ఒకటి ఉంటుంది. అక్షరం తీసేసి ఆ సంఖ్య రాయాలి. నేను చదువుతుంటే ఆమె ఒక్కో అంకె కొట్టింది, అవ్వ కుర్చీ ముందుకు జరుపుకుని చూసింది. ఈసారి సుడో పెట్టే ముందు నా వైపు చూసి, నేను తల ఊపాక పెట్టింది. డబ్బా ఆపి లేపాం. టీవీలో ముందుగా ఎవరిదో పెళ్లి ఫోటో వచ్చింది, దాని వెనకే పాత కాలనీ అంతా వచ్చింది.

మధ్యాహ్నం ఆ చిన్న గదిలో ఇరవై మంది దాకా కూర్చున్నారు. తాత ముందు దగ్గాడు, తరువాత గొంతు సవరించుకుని, "మొదటి దినం నాకేం భయం కాలె" అని మొదలుపెట్టాడు. అవ్వ వెంటనే అన్నది, "అబద్ధం. ఇంటికొచ్చి ఏడ్చిండు." అందరూ నవ్వారు. అవ్వ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు పుస్తకంలో పెద్దమ్మ రాసింది నేను తరువాత చూశాను. ఏం తప్పు: పెన్‌డ్రైవు. ఎవరు చేసిన్రు: ఇద్దరం.

మరుసటి ఆదివారం ఆమె ఇంకో ప్రశ్నతో కూర్చుంది. "గనికి రెండు దారులుంటయి బిడ్డా. ఒకటి కూలితే ఇంకోదాంట్లకెళ్లి రావాలె. ఒక్క దారే ఉంటే మనిషిని దించరు. దీనికి రెండోది ఏది?" రెండోది లేదు. మా ఇంట్లో ఇంకో డిస్కు పెట్టి, ప్రతి శుక్రవారం అన్నిటి నకలు అక్కడికి వచ్చేలా చేశాం. వచ్చిందో లేదో శనివారం ఆమె నన్ను అడిగేది. వచ్చిందని చెబితే చాలదు. ఏదో ఒక ఫోటో తెరిచి చూపించాలి.

దవాఖాన నుంచి కూడా ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గిపోయింది.

"నిన్న మనదిక్కు కరెంటు పోయిందట గదా. డబ్బా లేచిందా?"

"లేచింది పెద్దమ్మా. నువ్వు ఫికర్ చెయ్యకు."

"చూసి చెప్తున్నవా, చూడక చెప్తున్నవా?"

చూడలేదు. ఫోన్ పెట్టేయకుండానే పెద్దమ్మ ఇంటికి పోయి, టీవీ పెట్టి, ఒక ఫోటో తెరిచి, ఎవరిదో పేరు చెప్పాను. "ఆఁ" అన్నది. మా ఇద్దరి మధ్య అదే చివరి మాట. అంతకన్నా మంచి చివరి మాట నాకు అక్కరలేదు.

ఇప్పుడు డబ్బా నేను చూసుకుంటున్నాను. నాకు భయం లేదు. ఏదైనా ఆగితే ఏం చేయాలో తెలుసు. ముందు చేతులు కట్టుకుని చూస్తాను, తరువాత రాస్తాను, ఆ తరువాతే ముట్టుకుంటాను.

పదకొండో దినం నాడు చుట్టాలంతా భోజనాలు చేసి కూర్చుంటే, పెద్దమ్మ కూతురు దవాఖాన సంచిలోంచి వాళ్లమ్మ ఫోన్ తీసి ఛార్జింగుకు పెట్టింది. అది ఆన్ అయి ఇంటి వైఫై అందుకోగానే, అందులో మిగిలిన ఫోటోలు వాటంతట అవే డబ్బాలోకి రావడం మొదలుపెట్టాయి. టీవీలో ఒక్కొక్కటే తేలాయి. వార్డు గోడ మీది స్విచ్‌బోర్డు. స్టీలు పళ్లెంలో సగం ఒలిచిన బత్తాయి. ముఖానికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న నర్సు.

చివరిది దవాఖాన పై అంతస్తు కిటికీలోంచి తీసింది. కింద వానకు తడిసిన రోడ్డు, మొదటి షిఫ్టు బస్సు, క్యారియర్లు చేతుల్లో పట్టుకుని దిగుతున్న మనుషులు. ఒకాయన మాత్రం మెట్టు మీదే ఆగి తల పైకెత్తి కిటికీ వైపు చూస్తున్నాడు. ఫోటో ఒక మూలన, లెన్సుకు అడ్డం వచ్చి, మసకగా, ఎర్రగా ఆమె వేలు.