సరళ లేని ముందు వరుస

చిక్కడపల్లిలో నెలకోసారి జరిగే హాస్య కవుల సభకి పదేళ్ళపాటు నేనూ, మా ఆవిడ సరళా కలిసే వెళ్ళేవాళ్ళం. నా కవితలన్నీ ఆవిడ వంట మీదే. ముందు వరుసలో కూర్చుని అందరికంటే ముందు ఆవిడే నవ్వేది. అది చూసి మిగతావాళ్ళకి ధైర్యం వచ్చేది. ఆవిడ పోయి ఏడాదైంది. ఇక హాస్యం రాయగలనో లేదో తేల్చుకుందామని మొన్న ఆదివారం ఒక్కణ్ణే బయల్దేరాను.

అంబర్‌పేట్‌లో మూడింటికి బస్సెక్కితే అరగంట లోపే నారాయణగూడ. అక్కడ చాయ్ తాగి, మోకాళ్ళు నడకకి ఒప్పుకోక, యాభై రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాను. దారిలో డ్రైవరుకి నా కవిత వినిపించాను. వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని నేను అలిగి పడుకుంటే ఆవిడ బతిమాలడం, అదీ సంగతి. అతను మర్యాదకైనా నవ్వలేదు. మేడం రాలేదా అని అడిగాడు. పోయి ఏడాదైందని చెప్పాను. సిగ్నల్ దగ్గర వెనక్కి తిరిగాడు.

“మరి ఇప్పుడు అలిగితే ఎవరు బతిమాలుతరు సార్?”

సభ దగ్గర దిగి, యాభై అతని చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాను.

మా సభలో కవులకో అలవాటుంది. తన వంతు చదివి, శాలువా కప్పించుకుని, మెల్లగా జారుకోవడం. నా పేరు పిలిచేసరికి మిగిలింది పదిమంది. ముందు వరుస ఖాళీ. కాగితం మడిచి జేబులో పెట్టి, ఉన్నదే చెప్పాను:

“ఇప్పుడు నేనే వండుకుంటున్నాను,
ఉప్పు లేదని నేనే అలుగుతున్నాను.
గంటసేపు చూసి, ఎవరూ బతిమాలకపోతే
నేనే లేచి తింటున్నాను.”

వెనక కుర్చీలు సర్దుతున్న ఒకావిడ ముందు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. నవ్వుతూనే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

తర్వాత అశోక్‌నగర్ దాకా నడిచాను. ఈసారి మోకాళ్ళు గుర్తు రాలేదు. పోటీ పరీక్షల పిల్లలు తినే మెస్‌లో ఏడింటికి భోంచేశాను. కూరలో ఉప్పు సరిపోయింది. రాయగలనని తేలింది గానీ, ఇంటికెళ్ళి ఆ మాట చెప్పడానికి ఎవరూ లేరు. అందుకే మీకు రాస్తున్నాను.

మీరు ఆ సభకి వెళ్తే ఒక్క సలహా. నాలుగింటికల్లా చేరి ముందు వరుసలో కూర్చోండి, ఆఖరి కవి చదివేదాకా లేవకండి. నవ్వొస్తే ఆపుకోకండి. చదివేవాడికి ఇంట్లో నవ్వేవాళ్ళు ఉన్నారో లేదో మనకి తెలియదు.