పొయ్యి ముట్టించే పిల్ల

మొన్న ట్రామ్‌లో ఎవరో పిల్ల బ్యాగంతా వెతుక్కొని, నా వైపు తిరిగి, ఒక్క ఫోన్ చేసుకోనిస్తారా అన్నట్టు సైగ చేసింది. ఆమె చెయ్యి దించకముందే నా ఫోన్ తీసి చేతిలో పెట్టాను. పక్కనున్న మా అమ్మాయి ఇంటికొచ్చేదాకా ఊరుకోలేదు. "ముక్కూ మొహం తెల్వనోళ్లకు ఫోన్ ఇస్తవానే అమ్మా, పట్టుకొని ఉరికితే ఏం జేస్తవ్, ఈ మోకాళ్లతోని ఎన్క ఉరుకుతవా" అంది. అట్లా ఎందుకిస్తానో చెప్పాలంటే పాత కథ ఎత్తుకోవాలి. నాది అయిదో తరగతి చదువు, చెప్పడం మొదలుపెడితే ఎటెటో పోతాను, కానీ మరిచిపోవడం మాత్రం చేతకాదు. నా ఈడు వాళ్లు ఓపికగా వింటారని మీకు చెబుతున్నాను.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మా ఆయన మ్యూనిక్‌లో ఒక ఇండియన్ హోటల్లో వంటమాస్టరు. నేను యూదుల ఆడపిల్లలుండే ఒక చిన్న హాస్టల్ వంటింట్లో పనికి కుదిరాను. స్కూలు చదువు అయిపోయాక, కాలేజీలో చేరకముందు, ఒక ఏడాది దేశంకాని దేశంలో ఉండి తమ శాస్త్రాలు చదువుకోవడం వాళ్లలో ఉందట. అట్లా తలో దేశం నుంచి వచ్చిన పన్నెండు మంది పిల్లలు పొద్దున్నుంచీ ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చొని, పుస్తకం మధ్యలో పెట్టుకొని, బల్ల గుద్ది మరీ వాదించుకుంటూ చదివేవాళ్లు. కొత్తలో కొట్టుకుంటున్నారేమోనని గరిటె పట్టుకొని వచ్చి చూసేదాన్ని.

ఆ వంటింటి ఆచారం మా ఊళ్లో పూజారిగారింటి మడిని మించినది. పాల గిన్నెలకు నీలం గుర్తు, మాంసం గిన్నెలకు ఎర్ర గుర్తు, ఒకదాని గరిటె ఇంకొకదానికి తగలకూడదు. బయటి తిండి లోపలికి రానివ్వరు కనుక నా సద్ది టిఫిన్ క్యారియర్ గేటు బయట మెట్ల మీద విప్పుకొని తినేదాన్ని. అన్నిటికంటే వింత ఏమిటంటే, వంట నేను చేయవచ్చు గానీ పొయ్యి మాత్రం వాళ్లలో ఒకరు ముట్టించాలి. ఆ వంతు అర్జెంటీనా నుంచి వచ్చిన ఒక పిల్ల తీసుకుంది. రోజూ పొద్దున తడి జుట్టుతో దిగి వచ్చి, అగ్గిపుల్ల గీసి మంట పెట్టి, "ఇగ వండు పెద్దమ్మా" అని నేను నేర్పిన మాటలే నాకు అప్పజెప్పి తరగతికి పరుగెత్తేది. శుక్రవారం పొద్దు గూకినప్పటి నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా అదీ లేదు. స్విచ్చి వేయరు, లిఫ్టు మీట నొక్కరు, ఫోన్ ముట్టరు. ఆ పిల్ల నాలుగంతస్తులు నడిచి ఎక్కుతుంటే, మన ఒక్కపొద్దుల కంటే ఇది గట్టిదనుకునేదాన్ని.

వాళ్లను ఊరు ఊరికే ఉండనిచ్చిందనుకోకండి. ఆ ఏడాది కోడిగుడ్లు తలుపుకు కొట్టారు, గోడ మీద బూతులు రాశారు, అవి నేను పీచుతో తోమితే వేళ్ల చర్మం లేచింది. ఒకసారి అందరూ భోజనానికి కూర్చున్నాక కిటికీ పగిలి గుప్పెడంత రాయి చారు గిన్నెలో పడింది, వేడి చారు చింది ఒక పిల్ల మెడ కాలింది. ఇంకోసారి అర్జెంటీనా పిల్ల మెడలోని వాళ్ల మతం గుర్తున్న గొలుసును యూబాన్ రైల్లో ఎవరో లాగి తెంపితే, మెడ చుట్టూ ఎర్రటి గీతతో వచ్చి, ఏమీ జరగనట్టే అగ్గిపుల్ల గీసింది.

చలికాలంలో ఒక శనివారం మధ్యాహ్నం నేను వడ్డన పనికి వస్తున్నాను. ప్రార్థన ముగించుకొని ఆ పిల్లా, ఆమె గదిలో ఉండే స్నేహితురాలూ నడిచి వస్తున్నట్టున్నారు. హాస్టల్ సందు మలుపు తిరిగేసరికి స్నేహితురాలు నేల మీద ఉంది, ఒకడు ఆమె తలను బూటుతో తన్నుతున్నాడు. పొయ్యి ముట్టించే మా పిల్ల వాడి వీపు మీదికి ఎగబడి గోళ్లతో రక్కుతోంది, రెండోవాడు ఆమె జుట్టు పట్టి ఈడుస్తున్నాడు. క్యారియర్ పిడి పట్టుకొని, తన్నేవాడి చెవి మీద నా బలమంతా పెట్టి కొట్టాను. గిన్నెలు ఊడి పప్పూ అన్నం వాడి మొహాన పడ్డాయి, చెవి చిట్లి రక్తం కారింది. రెండో దెబ్బకు పారిపోయాడు. రెండోవాడు మాత్రం పోతూ పోతూ మా పిల్లను కింద పడేసి, ఆమె కుడిచెయ్యి మణికట్టు మీద కాలితో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది.

స్నేహితురాలు కదలడం లేదు. చెవిలోంచి రక్తం మంచు మీద పారుతోంది. అప్పుడు మా పిల్ల ఎడమచెయ్యి చాచి "పెద్దమ్మా, ఫోన్" అంది. నేను ఫోన్ చేతిలో పట్టుకొని వెనక్కి తీసుకున్నాను.

ఆ పని ఎందుకు చేశానో నాకు తెలుసు. ఆరు నెలలుగా శనివారం నాడు లిఫ్టు మీట కూడా నొక్కని పిల్ల, భయంలో తానేమి అడుగుతోందో తెలియక అడుగుతోంది, ఇన్నాళ్ల నిష్ఠ నా చేతుల మీదుగా పోతే రేపు ఎంత కుములుతుందో అనుకున్నాను. నేనే చేద్దామంటే చెప్పడానికి నాకు జర్మన్ మాటలు రావు. "వద్దు బిడ్డా, ఎవర్నన్న పిలుస్త" అని కిటికీల వైపు చూసి కేకలు వేశాను. ఒక కిటికీ తెరుచుకొని మళ్లీ మూసుకుంది. ఆ పిల్ల మోకాళ్ల మీద లేచి వచ్చి, ఎడమచేత్తో నా చెంప పగిలేలా కొట్టింది. ఫోన్ లాక్కొని, తన వేళ్లతోనే నొక్కి, అంబులెన్సు వాళ్లకు వీధి పేరు చెప్పింది.

ఆ ఆలస్యం ఎంతసేపో ఇప్పటికీ చెప్పలేను. నిమిషమంటాడు మా ఆయన, రెండంటుంది నా మనసు. స్నేహితురాలు బతికింది. ఆ చెవి మాత్రం వినపడకుండా పోయింది, అమ్మానాన్నలు వచ్చి తీసుకుపోయారు. ఆ చెవి వాడి తన్ను వల్ల పోయిందా, నా నిమిషం వల్ల కూడా పోయిందా అని డాక్టరును అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆదివారం పొద్దున పొయ్యి ముట్టించడానికి ఎవరూ రారనుకున్నాను. ఆ పిల్ల పిండికట్టుతో దిగి వచ్చింది. ఎడమచేత్తో గీస్తే రెండు పుల్లలు విరిగాయి, నేను పెట్టె పట్టుకుంటే మూడోది వెలిగింది. నా చెంప తడిమి, తమ శాస్త్రంలో ప్రాణం నిలబెట్టడానికి శనివారం ఏ కట్టూ అడ్డురాదనీ, అప్పుడు ముట్టకపోవడమే పాపమనీ, వచ్చీరాని మాటలూ సైగలూ కలిపి చెప్పింది. కొట్టినందుకు క్షమించమంది. "కొట్టినవ్ గాబట్టే ఆ బిడ్డ బతికింది" అన్నాను. ఆమెకు ఎంత అర్థమైందో గాని, ఇద్దరమూ ఏడ్చాము, చారు పొంగింది.

ఏడాది ముగియగానే ఆమె వెళ్లిపోయింది. ఆ గేటు ముందు ఇప్పుడు పొద్దస్తమానం పోలీసు బండి ఉంటుందట, పిల్లలు కాపలా మనిషి లేకుండా ప్రార్థనకు నడవరట. నేను సద్ది తిన్న మెట్ల చుట్టూ ఇనుప కంచె వేశారు. మా ఇంట్లోది అద్దం పలక కరెంటు పొయ్యి, వేలు పెడితే చాలు, మంట కనపడదు. అయినా పొద్దున గిన్నె పెట్టాక ఒక్క క్షణం ఆగుతాను, మెట్ల మీద అడుగులు వినపడతాయేమోనని. మా అమ్మాయి దాన్ని మతిమరుపంటుంది. ఫోన్ మాత్రం ఎవరు చెయ్యి చాపినా ఇచ్చేస్తాను, ఎందుకని అడగను.