వాల్టర్ ఓటు మీద కంపెనీ స్టాంపు

2012 అక్టోబరు, సౌదీలోని యాన్బు. రిఫైనరీకి పైపులైన్లు వేసే కాంట్రాక్టు కంపెనీలో నేను డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. ప్రతి కాగితానికీ నెంబరు వేసి, స్టాంపు కొట్టి, దాని దారిన పంపడమే నా పని. కడప వదిలి అప్పటికి పదకొండేళ్లు.

ఆ నెల ఎవరికీ కుదురు లేదు. సౌదీలను తగినంతమందిని పెట్టుకోలేదని నితాఖాత్ అనే సర్కారు రంగుల లెక్కలో కంపెనీ రెడ్‌లో పడింది. రెడ్ అంటే మా నివాస అనుమతి, ఇఖామా, రెన్యూ కాదు. పైగా విదేశీ పనివాళ్ల మీద కొత్త లెవీ వస్తోందంటున్నారు. రెడ్ కంపెనీ మనిషి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అనుమతి లేకుండానే గ్రీన్ కంపెనీకి మారొచ్చని రూలు ఉంది. కానీ స్టాంపు లేని కాగితంతో ఎవరి గడప తొక్కాలి? అందరం కఫీల్ మొహం చూస్తూ కూర్చున్నాం.

మా ఇంజనీరు వాల్టర్‌ది అమెరికాలో నెవాడా. జనాభా పెరిగి వాళ్ల రాష్ట్రానికి అక్కడి పార్లమెంటు కాంగ్రెసులో మూడు సీట్లు నాలుగయ్యాయట. రాష్ట్ర అసెంబ్లీ డిస్ట్రిక్టుల గీతలూ, అంటే మన నియోజకవర్గాల హద్దులూ, కొత్తగా గీశారు. ఆయన ఇల్లు పడిన అసెంబ్లీ డిస్ట్రిక్టులో సొంత అక్కే మొదటిసారి నిలబడింది. ఆమెకు ఓటు వెయ్యకపోతే ఏ మొహం పెట్టుకుని ఇంటికెళ్లాలని రోజుకోసారి అనేవాడు.

పోస్టులో బ్యాలెట్ వచ్చింది. ఆయన నింపి, కవరు వెనక సంతకం చేసి, కొరియర్ చెయ్యమని నాకిచ్చి సైటుకు వెళ్లాడు. సంతకం బోసిగా కనిపించింది. కంపెనీ గుండ్రటి స్టాంపు తీసి సరిగ్గా దాని మీద కొట్టాను. వాల్టర్ రాగానే గర్వంగా చూపించాను కూడా. ఆయన మొహం పాలిపోయింది.

సాయంత్రం, అక్కడ తెల్లవారాక, కౌంటీ ఎన్నికల ఆఫీసుకు నా ముందే స్పీకరు పెట్టి ఫోన్ చేశాడు. సంతకం కనబడకపోతే పోల్చలేమంది ఆఫీసరు. తర్వాత ఆమె అడిగిన మాట నన్ను పట్టుకుంది.

"మీరు ఓటు వేస్తుంటే కంపెనీవాళ్లు ఎవరైనా పక్కన నిలబడ్డారా?"

లేదు, ఒక్కణ్నే వేశానన్నాడు వాల్టర్. కొత్త కాగితాలు ఈమెయిల్లో వచ్చాయి. మర్నాడు బుధవారం, అప్పట్లో అక్కడి గురు, శుక్రవారాల సెలవుకు ముందురోజు. ఆయన సంతకం చేసిన కవరు తీసుకుని కారు దౌడు తీయించాను. కొరియర్ షాపు చేరేసరికి అసర్ నమాజుకు అజాన్ మొదలై షట్టరు దిగింది. నమాజులో నిలబడ్డానేగాని మనసంతా కవరు మీదే, అల్లా క్షమించాలి. షట్టరు లేచాక మొదటి పార్సెల్ నాదే.

ఆయన అక్క ఓడిపోయింది. ఓటు మాత్రం లెక్కలోకి వచ్చింది.

స్టాంపు పడితేనే కాగితమని పదకొండేళ్లు నమ్మాను. కొన్ని కాగితాలను స్టాంపే పాడుచేస్తుందని ఆ కవరు నేర్పింది. ఆ వారమే గ్రీన్ కంపెనీకి మారే ఫారం నింపి సంతకం పెట్టాను.

పక్కన నిలబడి చూస్తున్న జగిత్యాల ఫిట్టర్ మల్లేశన్న అడిగాడు. "కఫీల్ స్టాంపు లేకుంటె ఎట్ల తమ్మీ?"

"అక్కర్లేదన్నా. మన సంతకం చాలు."

ఆయన బొటనవేలు చాపాడు. "నాది నిశానినే. చెల్తదా?"