నోరీన్ మోసిన చెత్త బకెట్

వాలరూ తీరంలో నాణేలు వెతికేవాళ్ల క్లబ్బుకు పదకొండేళ్లు. ఏడాదికోసారి అన్నిటికన్నా పాత నాణేనికి ఇచ్చే కప్పు ఒక్కసారీ నోరీన్ పాస్కో గడప తొక్కలేదు. బడి క్యాంటీన్‌లో ముప్ఫై ఏళ్లు మాంసం కూరిన పేస్టీలు వేడిచేసిన మనిషికి ఆ కప్పు మీద ఎంత ఆశో ఆమెకే తెలుసు. పైగా క్లబ్బు ఆనవాయితీ ఒకటి: తక్కువ దొరికినవాళ్లు అందరూ తవ్విపారేసిన చెత్త బకెట్ మోయాలి. ఆ బకెట్ ఆమెకు రాసిచ్చినట్టే అయింది.

"ఏం నోరీన్, బరువెక్కిందా? చెయ్యి అందించనా?" అన్నాడు లాయిడ్. పార్కుల్లో నాణేలు తవ్వి పేరు తెచ్చుకున్నవాడు, తీరానికి కొత్త.

"నీ చెత్తేగా, బరువేముంటుంది!"

ఆ రోజు బకెట్ కుమ్మరిస్తే లాయిడ్ పారేసిన మూడు నల్ల రేకులు కనిపించాయి. ఒకదాని అంచు గోటితో గీకింది. నాణెం అంచుకుండే సన్నటి గీతలు తగిలాయి. మట్టిలో వెండి తెల్లగానే ఉంటుంది, ఉప్పునీళ్లలో బొగ్గవుతుంది. పార్కుల దొరకి ఆ ముక్క తెలియదు.

"లాయిడ్, ఈ రేకులెక్కడ తవ్వావు?"

"పాత జెట్టీ మొండికొయ్యల దగ్గర. సంచులకొద్దీ ఉంది చెత్త, పో, ఏరుకో!"

"నీ నోట్లో పంచదార పొయ్య!"

మర్నాడు పొద్దున నీళ్లు వెనక్కి తగ్గగానే అక్కడ వాలింది. ఉప్పు ఇసుకకు లోహాన్ని పసిగట్టే మెషీన్ ఊరికే గోల పెడితే దాని చెవి కాస్త మందం చేసింది. అయిదు నల్ల బిళ్లలు దొరికాయి.

కప్పు రోజున లాయిడ్ 1911 నాటి ఫ్లోరిన్ నాణెం పెట్టి మీసం దువ్వాడు. నోరీన్ తన బిళ్లలూ, అతని మూడూ పక్కపక్కనే పెట్టింది.

"ఇవి నీవి. తవ్వినవాడివి నువ్వే. వీటిలో నా వాటికన్నా పాతదుంటే కప్పు నీదే."

పళ్లెంలో అల్యూమినియం రేకు పరిచి, దాని మీద బిళ్లలన్నీ పేర్చి, వంటసోడా చల్లి, టీ కెటిల్‌లోని వేడినీళ్లు పోసింది. కుళ్లిన గుడ్ల కంపు లేచింది. నలుపు వదిలింది. లాయిడ్ వాటిలో పాతది 1872. నోరీన్ షిల్లింగు మీద విక్టోరియా రాణి, కింద 1858.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. నోరీన్ సిగ్గుపడలేదు, పదకొండేళ్ల ఆకలి తీరా నవ్వింది.

లాయిడ్ చెత్త బకెట్ ఎత్తుకున్నాడు. నోరీన్ కప్పు చంకలో పెట్టుకుని అతని వెనకాలే నడిచింది.

"ఏం లాయిడ్, బరువెక్కిందా? చెయ్యి అందించనా?"