ఆ పిల్లను నేనే ఏడిపించాను

నలభై ఆరేళ్లు వచ్చినా నన్ను చాలామంది ఇంకా నా చిన్నప్పటి ముఖంతోనే గుర్తుపడతారు. "ఆ పాప మీరేనా!" అని ఆశ్చర్యపోతారు, అదేదో నేను పెరిగి తప్పు చేసినట్టు. నాలుగేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా తెర మీద నా పేరు ముందు 'బేబీ' ఉండేది. పదమూడో ఏట హఠాత్తుగా పొడుగైపోయాను. చెల్లెలి వేషానికి పెద్దదాన్ని, హీరోయిన్ వేషానికి చిన్నదాన్ని. ఇంటికి కార్లు రావడం మానేశాయి. తర్వాత చాలా ఏళ్లు వేరే పిల్లల పాత్రలకు డబ్బింగ్ చెప్పాను, ప్రొడక్షన్ ఆఫీసుల్లో చాకిరీ చేశాను, పడుతూ లేస్తూ చివరికి నిర్మాతనయ్యాను.

నన్ను అందరూ 'సింగిల్ టేక్ పాప' అనేవారు. ఆ బిరుదు ఎలా వచ్చిందో చెబుతాను. ఆరేళ్లప్పుడు ఒక సినిమాలో ఏడవాల్సి వచ్చి ఏడవలేకపోయాను. గ్లిజరిన్ వేస్తే కళ్లు మండి మూసుకునేదాన్ని. అప్పుడు దర్శకుడు నా చెవిలో, "మీ అమ్మ నిన్ను మాకిచ్చేసి రైలెక్కి వెళ్లిపోయింది" అన్నాడు. ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాను. షాట్ ఓకే. అందరూ చప్పట్లు కొట్టారు. జనరేటర్ బండి వెనక దాక్కున్న మా అమ్మ బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని వచ్చింది. ఆమెకు ముందే చెప్పారట. ఆ తర్వాత ప్రతి సినిమాలోనూ ఎవరో ఒకరు నాకు అబద్ధం చెప్పేవారు, నేను నమ్మేదాన్ని.

ఈ ముచ్చట ఇంటర్వ్యూల్లో ఎన్నిసార్లు నవ్వుతూ చెప్పానో లెక్కలేదు. నిర్మాతనయ్యాక దానికి ఒక తోక కూడా తగిలించాను. "నా సెట్లో మాత్రం ఏ పిల్లకీ అబద్ధం చెప్పనివ్వను" అని. ఎంత గొప్పగా అనేదాన్నో! ఆ వీడియోలు ఇంకా ఉన్నాయి. వాటిని చూడాలంటే ఇప్పుడు తల కొట్టేసినట్టు ఉంటుంది.

ఈమధ్య నేను తీసిన సినిమా కోసం శంషాబాద్ అవతల, విమానాశ్రయం గోడకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో పాత ఇల్లు కిరాయికి తీసుకున్నాం. పాప పాత్రకు ఆ ఊరి బడిలోనే ఎనిమిదేళ్ల పిల్ల దొరికింది. వాళ్ల నాన్న ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. అమ్మ ఉన్న కాస్త పొలంలో పాలకూర, కొత్తిమీర వేసి శంషాబాద్‌లో అమ్ముకుంటుంది. మొదటి రోజు నుంచే ఆమె నన్ను 'అక్కా' అంది. అందుకని పిల్ల నన్ను 'పెద్దమ్మా' అని పిలిచేది. ఇంత పెద్ద సినిమా మనిషిని అలా పిలుస్తోందని యూనిట్ వాళ్లు నవ్వుకున్నారు. నాకు మాత్రం లోపల భలే సంతోషంగా ఉండేది.

ఆ రోజు తీయాల్సింది తల్లి చనిపోయే సీను. తల్లి వేషం వేసిన నటి వాకిట్లో చాప మీద పడుకుంది. పిల్ల తల దగ్గర కూర్చుని ఏడవాలి. సాయంత్రం ఆ నటి చెన్నై విమానం ఎక్కాలి. మేమేమో మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తున్నాం. నాలుగు నిమిషాలకోసారి నెత్తిమీదుగా విమానం దిగుతోంది. అది పోయేదాకా ఆగడం, మొదలుపెట్టడం, మళ్లీ ఆగడం. విమానం లేనప్పుడు పిల్లకు ఏడుపు రాదు. శవం కనురెప్పలు కదులుతున్నాయని కిసుక్కున నవ్వుతుంది.

"మేడమ్, పిల్ల అలసిపోయింది. ఆవిడ ముఖం ఇప్పుడు తీసేసుకుందాం, పాప క్లోజప్ రేపు తీసుకోవచ్చు" అన్నాడు దర్శకుడు. నెమ్మదస్తుడు, మా అబ్బాయి వయసు. అతను చెప్పింది సబబే. కానీ నాకు ఇద్దరి ముఖాలూ ఒకే ఫ్రేములో కావాలి. ఇంకో నిజం కూడా ఉంది. ఆ క్షణంలో నాకు పిల్ల మీద కోపం వచ్చింది. ఆరేళ్లకే నేను ఒక్క టేకులో ఏడ్చాను, ఎనిమిదేళ్లున్న దీనికేం రోగం అనుకున్నాను. ఇలా రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా అనుకున్నది అదే.

"నువ్వు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, వెళ్లి భోంచేసిరా" అని వాళ్లమ్మను వంటలు చేస్తున్న టెంటు దగ్గరికి పంపాను. కెమెరా మొదలుపెట్టమని సైగ చేసి పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"మీ అమ్మ ఇప్పుడే రోడ్డు మీదికెళ్లింది, లారీ గుద్దేసింది. దవాఖానకు తీసుకెళ్లారు. బతకదంట."

పిల్ల నా ముఖంలోకి చూసింది. పెద్దమ్మ అబద్ధం చెప్పదని దాని నమ్మకం. నేను పక్కకు తప్పుకున్నాను. "అమ్మా!" అని చాప మీదున్న ఆవిడ గుండెల మీద పడింది. ఏడుపు కాదది, గొంతు చీరుకుపోతున్న అరుపు. అదృష్టమో దురదృష్టమో విమానమేదీ రాలేదు. దర్శకుడు కట్ చెప్పడం మరిచిపోయాడు. నేనేం చేస్తున్నానో తెలుసా? మానిటర్ చూసి మురిసిపోతున్నాను.

చప్పట్లు మోగాయి. నేను పిల్లను ఒళ్లోకి తీసుకుని, అబద్ధం నాన్నా, అమ్మకేం కాలేదు, అన్నం తింటోంది అని చెబుతూనే ఉన్నాను. అది వినిపించుకోలేదు. వణుకుతూ చాప వైపే చూస్తోంది.

మా సినిమా వాళ్లకు ఒక పట్టింపు ఉంది. చనిపోయినట్టు నటించినవాళ్లు లేచి ఒకసారి కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు తీశాకే బొట్టు దిద్దుకుని ఇంటికి వెళ్తారు. లేకపోతే అశుభం. ఆ నటి కూడా లేచి కూర్చుని చక్కగా నవ్వింది. "ఎందుకు నవ్వుతుంది?" అని పిల్ల వెక్కుతూనే అడిగితే మేకప్ ఆవిడ చెప్పింది, "గట్ల నవ్వితే నిజంగ ఏం గాదు బిడ్డా" అని.

అంతలో వాళ్లమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చింది. పిల్ల ఒక్క ఉరుకున వెళ్లి కరుచుకుంది. మజ్జిగంతా ఒలికింది. తర్వాత చెయ్యి పట్టి కెమెరా ముందుకు గుంజుకొచ్చింది.

"గీడ నిలవడు. నవ్వు."

"ఏందే నీ లొల్లి?"

"నవ్వమ్మా! పెద్దమ్మా, తియ్యమను."

అప్పటికే కెమెరా బ్యాటరీ తీసేశారు. పిల్లే కదా అనుకుని, నేను నిర్మాతనన్న దర్జాతో, "స్టార్ట్ కెమెరా" అని గట్టిగా అన్నాను. పిల్ల కెమెరా వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది.

"ఎర్రలైటు రాలే. పెద్దమ్మ మల్ల అబద్దం జెప్తుంది."

"మల్ల ఏంది? ముందుగాల ఏం జెప్పింది?" అని వాళ్లమ్మ అడిగింది. పిల్ల చెప్పలేదు. ఆ మాట నోటితో అనడానికే భయపడింది. యూనిట్ మొత్తం నేల చూపులు చూస్తోంది. ఇక నేనే చెప్పాలి. లారీ అన్నాను, దవాఖాన అన్నాను. బతకదన్నానని కూడా చెప్పాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ఆమె కెమెరా అతని వైపు తిరిగి, "అన్నా, లైటు వెట్టు" అంది. అతను బ్యాటరీ పెట్టాడు. ఎర్రలైటు వచ్చింది. ఆమె చెంగుతో ముఖం తుడుచుకుని, పిల్లను చంకనెత్తుకుని, కెమెరాలోకి చూసి నవ్వింది. కళ్లల్లో నీళ్లు నిండుతున్నా నవ్వు ఆపలేదు. "సాలునా బిడ్డా?" అని పిల్లను అడిగింది. ఇంకొంచెం అంది పిల్ల. ఇంకొంచెం నవ్వింది.

తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"రేపు పొద్దుగాల ఎన్నిటికి రావాలె?"

దర్శకుడే ఏడింటికి అన్నాడు.

"వస్తం. మాటిచ్చినం గద. గని మేడమ్, మీరు జర నా బిడ్డ దిక్కు రాకుండ్రి."

పొద్దున దాకా 'అక్కా' అన్న మనిషి.

ఆ ఊళ్లో షూటింగ్ ఇంకా నాలుగు రోజులు జరిగింది. నాలుగు రోజులూ నా సినిమాకు నేనే గేటు బయట కారులో కూర్చున్నాను. లోపల్నుంచి పిల్ల నవ్వు వినిపిస్తే అద్దం కొంచెం దించేదాన్ని. ఎందుకు లోపలికి రావడం లేదని ఎవరైనా అడిగితే ఫోన్లు మాట్లాడుకోవాలని చెప్పేదాన్ని.