పదహారేళ్లని రాయించడానికి

మైపాడుకు దక్షిణాన ఒక చిన్న పల్లెలో వనజాక్షి ఎండుచేపలు అమ్ముకునేది. మొగుడు సముద్రంలో పోయాక ఆమెకు మిగిలింది కొడుకు కిషోర్ ఒక్కడే. పదహారేళ్ల వాడు, తొమ్మిదో తరగతితో బడి మానేసి పడవెక్కాడు.

ఒక ఆదివారం పొద్దున కిషోర్ వల తెంపాడన్న గొడవలో పడవ యజమాని ఆదెయ్య ఒడ్డున అందరి ముందూ, అడ్డొచ్చిన వనజాక్షిని జుట్టు పట్టి ఈడ్చాడు. కడుపులో రెండుసార్లు తన్నాడు. కిషోర్ తెడ్డు తీసి అతని తల మీద కొట్టాడు. కింద పడ్డాక కూడా ఆగలేదు. వనజాక్షి పాకుతూ వెళ్లి కొడుకు కాళ్లు పట్టుకునేసరికి ఆదెయ్య దవడ విరిగిపోయింది. ఎడమ కన్ను నెత్తుటి ముద్దయింది.

ఆ రాత్రే పోలీసులు కిషోర్‌ను పట్టుకెళ్లారు. మర్నాడు ఆమె పోలీసు స్టేషన్‌కు వెళ్లింది. కిషోర్ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. అరికాళ్లు వాచిపోయాయి. కుడి చెవిలోంచి నెత్తురు కారుతోంది.

"వాడికి పదారేళ్లే సార్," అంది.

"మీసాలొచ్చినాయి గదా. పందొమ్మిదని రాసినాం," అన్నాడు కేసు కాగితాలు రాసే రైటరు.

ఆ రాతతోనే పిల్లాణ్ని పెద్దవాళ్ల జైలుకు పంపారు.

నెల్లూరు కోర్టు దగ్గర ఇద్దరు లాయర్లను అడిగింది. ఒకాయన ఆదెయ్యకు ముందే మాటిచ్చానన్నాడు. రెండో ఆయన పేపర్లో ఆదెయ్య చితికిన ముఖం ఫొటో చూసి తల అడ్డంగా ఊపాడు.

తిరిగొస్తే ఊరి పెద్ద చెంచయ్య వీధిలో ఆపాడు. "లాయర్ల దగ్గరికి పోబాకమ్మే. ఊళ్లోనే మాట్లాడుకుందాం."

"నన్ను తన్నేటప్పుడు నువ్వు ఆడనే ఉండావు గదా మామా. అప్పుడు మాట్లాడలేదేం?"

మరుసటి మధ్యాహ్నం ఆదెయ్య తమ్ముళ్లు ఆమె గుడిసెకు నిప్పుపెట్టారు. కిషోర్ బడి కాగితాల పెట్టె కోసం ఆమె లోపలికి ఉరకబోతే కర్రతో మణికట్టు విరగ్గొట్టారు. పెట్టె కళ్లముందే కాలిపోయింది.

ఆసుపత్రిలో చేతికి కట్టు కడుతున్న నర్సు ఆమె కథంతా విని, కోర్టు ఆవరణలోనే న్యాయ సేవల ఆఫీసు ఉందనీ, పిల్లల కేసులకు ఉచితంగా లాయరును ఇస్తారనీ చెప్పింది. కట్టు ఆరకముందే వనజాక్షి అక్కడికి వెళ్లింది. వాళ్లు రెజీనా అనే లాయరును ఇచ్చారు.

"ఏ బళ్లో చదివినాడక్కా?" రెజీనా మొదట అడిగింది అదే.

"కాగితాలన్నీ కాలిపోయినాయమ్మా."

"బడి రిజిస్టరు కాలలేదు గదా."

రెండు రోజుల్లో హెడ్మాస్టరు సంతకంతో పుట్టిన తేదీ కోర్టుకు చేరింది. మేజిస్ట్రేటు కేసును బాలల న్యాయ బోర్డుకు పంపాడు. అప్పటికే జైల్లో ఎవరో కిషోర్ ముంజేతుల మీద బీడీలతో కాల్చారు.

బోర్డు ముందు రెజీనా ఆ మచ్చలు చూపించమంది. చొక్కా చేతులు పైకి మడిచి కిషోర్ మెల్లగా చెప్పాడు: "అమ్మను తన్నితే కొట్టినా మేడమ్. పడిపోయినాక గూడా కొట్టినా. అది తప్పే."

వనజాక్షి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

బోర్డు బెయిలిచ్చింది. ఏడాది తర్వాత నేరం రుజువైందని చెప్పి, మూడేళ్లు ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో తల్లి దగ్గరే ఉండమంది. ఆదెయ్యకు ఆ కన్ను పోయింది. కిషోర్‌కు కుడి చెవి వినిపించదు. తల్లీకొడుకులు ఊరు వదిలి బిట్రగుంట చేరారు. వాడు మోటారు షెడ్డులో పని నేర్చుకుంటున్నాడు.

స్టేషన్‌లో పిల్లాణ్ని కొట్టినవాళ్ల మీద రెజీనా వేసిన కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు వనజాక్షి అమ్మకం మానుకుని నెల్లూరు రైలెక్కుతుంది.